మీరడిగిన ఇయర్‌ఫోన్ల సంగతి

శ్రీవారికి,

నమస్కారాలు. అత్తయ్యగారి మోకాలు, మీ కూతురి నోరు, నా నడుము, ఈ మూడూ పక్కన పెడితే ఇక్కడ అందరం క్షేమమే. మీరూ క్షేమమని మీరే రాశారు కనుక అలాగే అనుకుంటున్నాను.

ఈ ఉత్తరం మొదలుపెట్టడానికి సెలవు రోజు దాకా ఆగాల్సి వచ్చింది. దుకాణం నుంచి ఇంటికొచ్చేసరికి నాలో మాటన్నది మిగలడం లేదు. రోజంతా కౌంటరు వెనక నిలబడటం, ఇయర్‌ఫోన్లు స్పిరిట్ దూదితో తుడవడం, వచ్చినవాళ్ళ చెవికి సరిపడే రబ్బరు టోపీ వెతికి తొడగడం, వాళ్ళు వద్దంటే మళ్ళీ తీసి తుడవడం. వినడమే ఉద్యోగమైనవాళ్ళకి ఇంటికొచ్చాక ఎవరి మాటా వినబుద్ధి కాదు. మొన్న అత్తయ్యగారు ఏదో చెబుతుంటే ఊ కొడుతూ కూర్చున్నాను. కాసేపటికి ఆవిడ ఆగి, "నేను చెప్పిందాంట్లో ఒక్క ముక్క చెప్పవే చూద్దాం" అన్నారు. దొరికిపోయాను. "మా వాడూ అంతే. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాడు. సరైన జోడీ కుదిరింది" అని నవ్వి, చెప్పిందంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పారు.

మీరడిగిన వాటికి వరసగా జవాబులు రాస్తాను. మోకాలికి డాక్టరు మందు మార్చాడు. మెట్లెక్కవద్దన్నాడు. అత్తయ్యగారు డాక్టరు ముందు బుద్ధిగా తలూపి, ఇంటికి రాగానే బట్టలారేయడానికి డాబా ఎక్కారు. వంటింటి కుళాయి కారుతూనే ఉంది. బాగుచేస్తానని వచ్చినాయన దాని ముందు కూర్చుని కాసేపు నిట్టూర్చి, "దీని ఆయుష్షు అయిపోయిందమ్మా" అని చెప్పి వెళ్ళిపోయాడు. కింద గిన్నె పెట్టాను. పాప చదువు పరవాలేదు. పొడుగైంది, నా భుజం దాటింది. క్లాసులో అందరికీ వైరు లేని ఇయర్‌ఫోన్లు ఉన్నాయట. "ఊరందరికీ అమ్ముతావు, ఇంట్లో ఒక్కదానికి ఇవ్వవు" అని పొద్దున్నే నా చెవిలో జోరీగలా మొదలుపెడుతుంది. పరీక్షలయ్యాక చూద్దామన్నాను.

ఇక మీ పెద్ద ప్రశ్న. మీ ఉత్తరం ఎదురుగా పెట్టుకుని ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను. "ఇయర్‌ఫోను మంచిదో కాదో తేల్చాలంటే బాగా అడుగునుండే బేసూ, బాగా పైనుండే ట్రెబులూ అంత ముఖ్యమా? నాలుగు వేలకి పైన ఏమీ వినబడకపోతే మనిషికి ఏమన్నా నష్టమా? ఇక్కడ ఓడలో మా వాళ్ళ మధ్య వాదన వచ్చింది, నువ్వే తీర్పు చెప్పాలి" అన్నారు.

ఈ ప్రశ్న నేను రోజూ వినేదే. ప్రతి పెట్టె మీదా ఇరవై నుంచి ఇరవై వేల దాకా అని అచ్చు వేసి ఉంటుంది. అంటే సెకనుకి ఇరవై కంపనాలుండే అడుగు శబ్దం నుంచి ఇరవై వేలుండే పై శబ్దం దాకా అన్నీ పలుకుతుందని. నాసిరకం వాటి మీద కూడా అదే అంకె ఉంటుంది, అచ్చుకి ఖర్చేముంది! అంత అడుగున ఉండేది వినబడటం తక్కువ, ఒంటికి తెలియడం ఎక్కువ. అంత పైన ఉండేది చిన్నపిల్లలకి తప్ప మనలాంటి వయసువాళ్ళకి వినబడదు. అయినా అందరూ అడిగేది ఈ రెండు కొసల గురించే. మా ఓనరుకి మేం బేస్ బాబాయ్ అని పేరు పెట్టుకున్నాం. ఎవరొచ్చినా ముందు డప్పుల పాట పెట్టి చెవిలో దూరుస్తాడు. వాళ్ళ కనుబొమలు లేవగానే బిల్లు పుస్తకం తీస్తాడు.

నా పద్ధతి వేరు. మనిషి మాట మధ్యలో ఉంటుంది. పాడే గొంతూ, తిట్టే గొంతూ, పిలిచే గొంతూ అన్నీ అక్కడే. కాబట్టి "మీకు బాగా తెలిసినవాళ్ళ గొంతు ఫోనులో ఉంటే పెట్టుకుని వినండి. ఆ మనిషి ఎదురుగా కూర్చున్నట్టు అనిపిస్తే కొనండి, లేకపోతే వద్దు" అంటాను. ఒకసారి ఒకావిడ అలాగే తన అక్క గొంతు పెట్టుకుని విని, ఖరీదైనది వదిలేసి చవకది కొనుక్కుని వెళ్ళింది. బాబాయ్ నా వైపు చూసి, "అమ్మా తల్లీ, నీకు జీతం ఇస్తున్నది అమ్మడానికా, ఆపడానికా?" అన్నాడు.

మీకెప్పుడూ చెప్పలేదు గానీ, నేను పరీక్షకి వాడేది మీ గొంతే. దుకాణానికి ఏ కొత్త సరుకొచ్చినా ముందు మీరు వారం వారం ఫోనుకి పంపే రికార్డింగ్ పెట్టి వింటాను. మీరు పంపు మోటారు గురించి నన్ను కోప్పడటం మొదలుపెట్టి, మధ్యలో ఎందుకు కోప్పడుతున్నారో మరిచిపోయి, "సరేలే, అన్నం తిన్నావా" అన్నారే, అది నాకు బాగా పనికొచ్చింది. పాటలకంటే మీ గొంతుతో తేడా తొందరగా తెలుస్తుంది. పైగా మీ రికార్డింగుల్లో ఒక లాభం ఉండేది. మీ గది ఇంజను గదికి సరిగ్గా నెత్తిమీద కదా, మీరు మాట్లాడుతున్నంతసేపూ అడుగున ఇంజను రొద ఉండేది. మామూలు ఇయర్‌ఫోన్లలో అది తెలియదు. బేస్ నిజంగా కిందిదాకా దిగేదైతేనే, రబ్బరు టోపీ చెవిలో సందు లేకుండా కూర్చుంటేనే తెలుస్తుంది.

ఇప్పుడు కాస్త నిదానంగా చదవండి.

వానలు మొదలైన రోజుల్లో కొత్త రకం ఒకటి వచ్చింది. మీరు అంతకు ముందు రోజు పంపిన రికార్డింగ్ పెట్టి విన్నాను. గొంతు అద్దంలా ఉంది, రొద లేదు. టోపీ మార్చాను, లేదు. పెట్టెలోంచి ఇంకొకటి తీశాను, అందులోనూ లేదు. సరుకులోనే లోపం అనుకుని, అడుగు బేస్ పలకడం లేదని చీటీ రాసి మొత్తం పెట్టె కంపెనీకి తిప్పి పంపించాను. వాళ్ళు యంత్రం మీద పెట్టి చూసి, ఏ లోపమూ లేదని మళ్ళీ మాకే పంపారు. బాబాయ్ అందరి ముందూ నన్ను కడిగేశాడు. ఆయన అటు వెళ్ళాక అదే ఇయర్‌ఫోనులో మీ పాత రికార్డింగ్ పెట్టాను. రొద ఉంది. కొత్తది పెట్టాను. లేదు. ఆ తర్వాత మీరు పంపినవన్నీ ఒకటొకటిగా పెట్టి విన్నాను. ఒక్కదాంట్లోనూ ఇంజను లేదు.

ఓడ రేవులో ఆగి ఉందేమో, ఇంజను కట్టేశారేమో అనుకోవడానికీ వీల్లేదు. ఎందుకంటే ఆ రికార్డింగుల్లో మీరు, "నడిసముద్రంలో ఉన్నాం, అలలు పెద్దగా ఉన్నాయి, ఫోను కలవదు, నువ్వు చెయ్యొద్దు" అంటున్నారు.

అప్పుడు నాకేమనిపించిందో రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను. మీకు ఇంకో ఇల్లు ఉందనుకున్నాను. ఇంకొకావిడ ఉందనుకున్నాను. ఇంటికి డబ్బు పంపుతూనే, వారం వారం గొంతు పంపుతూనే, ఎక్కడో నేల మీద ఎవరి పక్కనో కూర్చుని సముద్రం కబుర్లు చెబుతున్నారనుకున్నాను. ఇన్ని నెలలూ మీతో ఒక్క మాట అనలేదు. అడిగితే నిజం చెప్పేస్తారేమోనని భయం. అత్తయ్యగారితో దుకాణంలో పని ఎక్కువైంది అన్నాను, పాపతో తలనొప్పి అన్నాను. నిజానికి నన్ను పిండేసింది దుకాణం పని కాదు. పొద్దున లేచి, మీరు బాగున్నారని అందరికీ చెప్పి, ఆ చెప్పింది నేనే నమ్మకుండా సాయంత్రం దాకా నెట్టుకురావడం, అదే పని.

ఆ ఇంటి చప్పుళ్ళ కోసం వెతికాను. దుకాణంలో అన్నిటికన్నా ఖరీదైన ఇయర్‌ఫోను, కస్టమర్లకి కూడా అడిగితేగానీ బయటికి తీయనిది, చెవుల్లో పెట్టుకుని మీ మాటల సందుల్లో విన్నాను. గిన్నెల చప్పుడు, గాజుల చప్పుడు, ఏ పసిబిడ్డ ఏడుపో. అలాంటివేవీ లేవు. తలుపు వేసిన గది. ఫ్యాను కూడా ఆపేశారు. ఉన్నదల్లా బాగా పైన, ట్రెబుల్ అంచున, సన్నగా, తెంపు లేకుండా కీచుమంటున్న చప్పుడు. కీచురాళ్ళు. ఒకటీ రెండూ కాదు, కిటికీ అవతల పొదలేవో ఉండి ఉంటాయి, గుంపుగా అరుస్తున్నాయి.

సముద్రం మధ్యలో కీచురాళ్ళు ఉండవని మీకు తెలియదా? తెలుసు. ఫ్యాను ఆపి, తలుపు వేసి, పక్కన ఎవరూ లేకుండా చూసుకున్న మనిషి అంత అరుపుని ఎలా వదిలేశారో నాకు ఎంతకీ అర్థం కాలేదు. మీ దగ్గర్నుంచి ఈ ప్రశ్న వచ్చేదాకా అర్థం కాలేదు.

నాలుగు వేలు అన్నారు చూడండి. ఇన్నేళ్ళలో ఏ కస్టమరూ నాలుగు వేల గురించి అడగలేదు. అది ఏ పెట్టె మీదా ఉండదు. ఆ అంకె నేను ఒక్కచోటే చూశాను. దుకాణంలో చేరేముందు మాకందరికీ చెవుల పరీక్ష చేయించారు కదా, అప్పుడు డాక్టరిచ్చిన కాగితం మీద. పెద్ద యంత్రాల దగ్గర పనిచేసేవాళ్ళకి మొదట పోయేది అక్కడేనని కూడా ఆయనే చెప్పాడు. మీకూ ఓడెక్కే ముందు ఆ పరీక్ష ఉంటుంది. ఈసారి అందులో మిమ్మల్ని పక్కన పెట్టారు. ఓడ వెళ్ళిపోయింది, మీరు వెళ్ళలేదు. ఫోను చేయొద్దన్నది సిగ్నలు లేక కాదు, ఫోనులో మాట పూర్తిగా అందక. మీకు వినబడే చప్పుళ్ళన్నీ ఆపేసి మాట్లాడారు. కీచురాళ్ళు మీకు వినబడలేదు.

మీ ఉత్తరం చదివిన రోజు ఇదంతా తట్టి, దుకాణంలో స్టూలు మీద కూర్చుండిపోయాను. కూర్చుని ఏం చేశానో తెలుసా, నవ్వాను. నెత్తిన పాలు పోసినట్టయింది. ఇంకో ఇల్లు లేదు, ఇంకొకావిడ లేదు, ఉన్నది పాడైన చెవులు మాత్రమే. కట్టుకున్నవాడి వినికిడి పోయిందని తెలిసి సంతోషించిన పెళ్ళాన్ని నేను. తర్వాత ఏడుపొచ్చింది. బాబాయ్ మంచినీళ్ళు తెచ్చిచ్చి, "ఒంట్లో బాగాలేకపోతే ఇంటికెళ్ళమ్మా, బేరాలు నేను చూసుకుంటాలే" అన్నాడు. ఆయన గొంతు అంత మెత్తగా ఉంటుందని నాకు తెలియదు.

కాబట్టి నా తీర్పు ఇదీ. నాలుగు వేలకి పైన వినబడకపోతే నష్టమా అంటే నష్టమే, మీకు అబద్ధం చెప్పను. మాటలో స, ష లాంటివి చెదిరిపోతాయి. నలుగురూ ఒకేసారి మాట్లాడితే తికమకగా ఉంటుంది. కీచురాళ్ళు ఉండవు, అవి లేకపోయినంత మాత్రాన కొంపేమీ మునగదు. అసలు పోకూడనిది మధ్యలోది, అది మీకు ఉంది. నేను ఒక్కో మాట రెండుసార్లు చెప్పాల్సి రావచ్చు. పెళ్ళయినప్పటి నుంచీ చేస్తున్నది అదే, చెవులు బాగున్నప్పుడు మాత్రం మీరు ఎప్పుడు విన్నారు కనుక!

కోపం లేదనుకోకండి, చాలా ఉంది. ఆ ఓడా, ఆ ఉద్యోగమూ లేకపోతే ఈ ఇంట్లో మీకు చోటుండదని ఎలా అనుకున్నారు? ఎక్కడుంటున్నారో, ఏ పని చేసి డబ్బు పంపుతున్నారో, వేళకి తింటున్నారో లేదో నాకు తెలియదు. ఎప్పటిలాగే మీ ఓడ కంపెనీ ఆఫీసుకే ఈ ఉత్తరం పంపుతున్నాను. ఓడకి పంపరనీ, మీరే వచ్చి తీసుకుంటారనీ ఇప్పుడు తెలుసు. మీరు నన్ను నమ్మలేదు, నేను మిమ్మల్ని నమ్మలేదు. చెల్లుకి చెల్లు. అత్తయ్యగారికి నేనేమీ చెప్పలేదు. కన్నతల్లికి మీ నోటితో మీరే చెప్పుకోవాలి.

నాకు ఓపిక అయిపోయిందండీ. ఇంక గొంతు రికార్డు చేసి పంపకండి, నేను వినను. ఏ రోజు, ఏ రైలుకి వస్తున్నారో ఒక్క ముక్క రాయండి చాలు. స్టేషనుకి నేనే వస్తాను. ఆ రద్దీలో, ఆ గోలలో పిలిస్తే మీకు వినబడదు. అందుకని పిలవను. ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంటాను.

ఇట్లు,
మీ ఆవిడ