బడి వెనక నెత్తురు

తమ్ముడూ రవీ,

నిన్ను నిజాంసాగర్ కాలువలోంచి బయటికి తీసి ఈ రోజుకు పదకొండేళ్లు. నేనిప్పుడు బోధన్‌లో టీచర్ని.

ఈ మధ్యాహ్నం బడి వెనక ముగ్గురు పిల్లలు తొమ్మిదో తరగతి అనిల్‌ను గోడకు అదిమిపట్టి, "ఆడంగోడా, మగోని లెక్క నడువ్" అంటూ చెరకుగడతో కొడుతున్నారు. పెదవి చిట్లి చొక్కా నిండా నెత్తురు. గడ గుంజుకుని విరిచేశాను.

హెడ్మాస్టర్ వచ్చి, "పోరగాళ్ల ఆట టీచర్, ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు.

"మా తమ్ముణ్ని గీ ఆటనే సంపింది సార్. కొట్టినోళ్ల తల్లిదండ్రులను పిలువుండ్రి," అన్నాను. పిలిపించేదాకా అక్కడినుంచి కదల్లేదు.

అనిల్ నా కొంగుతో మూతి తుడుచుకుంటూ, "సరిగ్గ నడుస్త టీచర్, మా బాపుకు చెప్పకుండ్రి" అన్నాడు.

"నీ నడక మంచిగనే ఉన్నది బిడ్డా," అన్నాను.

ఆనాడు నెత్తురుతో ఇంటికొచ్చిన నిన్ను, సరిగ్గా నడవమని తిట్టింది నేనే.

అక్క