అట్ట గొట్టంలో మట్టి స్తంభం

శాఖాధిపతి గారికి నమస్కారములు.

మా అమ్మాయి మీ ప్రయోగశాలలో చేసిన చివరి స్తంభాన్ని జ్ఞాపకంగా మా ఇంటికి పంపుతామన్నారు. మీ సహృదయతకు కృతజ్ఞురాలిని. కానీ దయచేసి పంపవద్దు.

పారేసిన అట్టపెట్టెలను గొట్టంగా చుట్టి, అందులో తడిమట్టి దట్టిస్తే సిమెంటు లేకుండానే గోడలు నిలుస్తాయని ఆమె నమ్మకం. సెలవురోజుల్లో అక్కడికి వచ్చి ఆ మట్టిని కూరినదాన్ని నేనే.

"మెల్లగా కొట్టమ్మా! అట్ట చిరిగితే మళ్ళీ నువ్వే చుట్టాలి," అని కసిరేది.

"కాలేజీలో భౌతికశాస్త్రం నేనూ చదివానే, నాకు నేర్పకు," అనేదాన్ని.

ఆ స్తంభం ఆరకముందే మా అమ్మాయి కన్నుమూసింది.

బరువు పెట్టి పగలగొడితే తప్ప స్తంభం బలం తెలియదని మీకు నేను చెప్పనక్కరలేదు. అది మా వరండాలో బొమ్మలా నిలబడితే, ఆమె వేసుకున్న ప్రశ్నకు జవాబు ఎన్నటికీ రాదు. కనుక యంత్రంలో పెట్టి పగలగొట్టండి. నేను వస్తాను. కారు పంపవద్దు, బస్సులో రాగలను.

ఎంత బరువు మోసిందో ఉన్నదున్నట్టు చెప్పండి. నా మీద జాలితో అంకె పెంచితే మా అమ్మాయి ఒప్పుకునేది కాదు.

పగిలిన తరువాత మాత్రం, మీరందరూ కాసేపు బయట ఉండండి.

భవదీయురాలు,
ఆమె తల్లి