ఉండవల్లి చీకట్లో నా కొంగు

అక్కా,

ఇది నీకు చేరదని తెలిసే రాస్తున్నాను. విశాఖలో మీ అబ్బాయి నిన్న నీ సంవత్సరీకం పెట్టాడు. బెంగళూరు తిరిగి వెళుతూ ఇవాళ గన్నవరంలో విమానం మారాను. మధ్యలో పూటంతా ఖాళీ. "ఉండవల్లి గుహలు చూసొచ్చేయొచ్చండీ, బోలెడు టైముంది," అన్నాడు టాక్సీ అతను. చీరల మూటలతో బెజవాడ వచ్చిన ప్రతిసారీ వెళ్దామనుకుని, పామర్రు బస్సు తప్పుతుందని మనం మానుకున్న చోటు.

పై అంతస్తులో, కొండలోనే తొలిచిన అనంతపద్మనాభస్వామి పడుకుని ఉన్నాడు. "లోపల చీకటమ్మా, చూసి నడవండి," అన్నాడు కాపలా ఉన్నాయన. మగ్గం మీద వంగి వంగి నీ చూపు మందగించాక, చీకటి చోట్ల నా కొంగు పట్టుకునే కదా నడిచేదానివి! ఈరోజు నేను కట్టింది నువ్వు ఆఖరున నేసిన చీరే.

దణ్ణం పెట్టుకుని వెనుదిరిగానో లేదో, వెనక నుంచి కొంగు బిగిసింది. లాగబోయి ఆగాను. గుడ్డ ఎక్కడైనా చిక్కుకుంటే, "లాగకే పిచ్చిదానా, పోగు తెగుద్ది. ఆ వైపే ఓ అడుగెయ్యి," అనేదానివి. అలాగే వెనక్కి ఒక అడుగు వేశాను. కొంగు వదులైంది.

అక్కడి గోడంతా చేత్తో తడిమాను. మేకు లేదు, మొన లేదు. రాయి నున్నగా, చల్లగా ఉంది.

విమానంలో కూర్చున్నాక కొంగును వెలుతురుకి పట్టి చూశాను. ఒక్క పోగూ లేవలేదు. అంచు దగ్గర మాత్రం, గుప్పెట్లో పట్టుకున్నంత మేర నలిగి ఉంది.