గొంతు బొంగురుపోయిందట

ఫిబ్రవరి 12

గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న నవలకు అట్ట లేదు, పేరూ తెలియదు. కథ చెప్పేది ఒక అక్క. జబ్బుపడ్డ తమ్ముడికి తనే మందులిస్తుంది, తనే కనిపెట్టుకొని ఉంటుంది. సందెవేళను ‘మునిచీకటి’ అని రాసింది ఒకచోట. ఆ మాట పైకి చదువుకున్నాను... మళ్ళీ చదువుకున్నాను.

నాయనను గుంటూరు ఆసుపత్రిలో చేర్చినప్పటి నుంచీ ఇంట్లో దగ్గు వినబడదు. నిద్ర పట్టడం లేదు.

ఫిబ్రవరి 14

నవలలో తమ్ముడు చనిపోయాడు. విషమట. అక్క మీద ఎవరికీ అనుమానం లేదు. నాకూ లేదు.

ఫిబ్రవరి 15

ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. “ఆ రాత్రంతా తమ్ముడి మంచం పక్కనే కూర్చున్నాను. తెల్లవారుజామున మంచినీళ్ళు అడిగాడట.”

పక్కనే కూర్చున్న మనిషి ‘అడిగాడు’ అనాలి. ‘అట’ ఎందుకు?

కాలేజీలో నా స్నేహితురాలు షమీమ్‌కు చూపించాను. “అచ్చుతప్పేమోలేవే. ఒక్క అక్షరానికే ఆయమ్మను ఉరితీస్తావా ఏంది?”

మళ్ళీ మొదటి నుంచి చదువుతున్నాను. అక్క ఆ రాత్రి ఆ గదిలో లేదు. ఎంత శాంతంగా అబద్ధం చెప్పింది... ఎంత ఇష్టంగా నమ్మాను.

ఫిబ్రవరి 17

అమ్మ మిరపకాయల కోత నుంచి వచ్చి, మంటలకు చేతులు మజ్జిగలో పెట్టుకొని కూర్చుంది. నేను అన్నం తింటున్నాను.

“మీ నాయనతో మాట్లాడినాలే. దగ్గు తగ్గింది. గొంతే కొంచెం బొంగురుపోయిందంట.”

ముద్ద చేతిలోనే ఆగింది. ఫోన్‌లో మాట్లాడిన మనిషికి, గొంతు ఎలా ఉందో ఇంకొకరు చెప్పాలా?

నవల పిచ్చి నాకు. నోరు జారిన మాటేమో.

ఫిబ్రవరి 18

ఆలోచిస్తే — నాయన ఫోన్ ఎప్పుడూ నేను కాలేజీలో ఉన్నప్పుడే వస్తుంది. నేను చేస్తానంటే, “నిద్రపోతాంటాడు, లేపాకు. నీ పరీక్షలు కానీ, పోదాం.”

నాయన పనిచేసిన పలకల ఫ్యాక్టరీ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుందని డాక్టరు చెప్పింది నేను నా చెవులతో విన్నాను. అది ‘అట’ కాదు.

నవల చివరి అధ్యాయం తెరవలేదు. తెరవను.

ఫిబ్రవరి 20

అడిగేశాను.

“అమ్మా, నాయనతో నిజంగా మాట్లాడినావా?”

“మాట్లాడకుండానే చెప్తానా?”

“గొంతు బొంగురుపోయిందంట అన్నావు.”

గిన్నె తోముతూనే ఉంది. “అన్నం పెడతాంటే మాటలు ఏరుకుంటా కూర్చున్నావా. బాగా చదువుతుండావు.”

కొంతసేపటికి తనే — “ఆడ తోడుండే మీ మామ ఫోన్ తెచ్చి మీ నాయన చెవి కాడ పెడతాడు. నేను మాట్లాడతా.”

“నాయన?”

“వింటాడంట.”

ఆ మాట అన్నాక తనకే వినబడినట్టుంది. గిన్నె కింద పెట్టి నా వైపు చూసింది.

ఫిబ్రవరి 21

అమ్మ పనికి వెళ్ళలేదు. నేను కాలేజీకి వెళ్ళలేదు. పుస్తకం ముందు పెట్టుకొని కూర్చున్నాను. ఒక్క అక్షరం ఎక్కలేదు.

ఫిబ్రవరి 22

సాయంత్రం అమ్మ ఫోన్ కలిపి నా చేతిలో పెట్టింది. మామ అటునుంచి, “చెవి కాడ పెట్టినా, మాట్లాడు పాపా.”

ఫ్యాన్ చప్పుడు. ఎవరో నడుస్తున్న చెప్పుల చప్పుడు. ఇన్ని మాటలు నేర్చుకొని ఏం లాభం, ఒక్కటీ రాలేదు. “నాయనా, నేను” అన్నాను. “రేపు పరీక్ష.” అంతే.

మామ ఫోన్ తీసుకొని, “నీ గొంతు వినంగానే కళ్ళు తెరిచినాడు” అన్నాడు.

అమ్మ ఏడుస్తూ నవ్వింది. నేను నవ్వలేకపోయాను. మామ మంచివాడు. అమ్మ కూడా మంచిదే.

‘కళ్ళు తెరిచాడు’ అని రాయబోయి ఆగాను. చూడందే రాయను.

హాల్ టికెట్‌ను అమ్మ నా కాలేజీ సంచిలో పెట్టింది. నేను తీసి బల్ల మీద పెట్టాను. మళ్ళీ సంచిలో పెట్టింది.

పొద్దున్నే గుంటూరు బస్సు. పరీక్ష కూడా పొద్దున్నే...