నాన్న ఒళ్ళే నీకూ వచ్చింది

జగ్గయ్యపేట, 1964

అక్కా,

నువ్వు పోయి ఆరేళ్ళు. ఇవాళ నా కూతుర్ని నందిగామ తీసుకెళ్ళి డాక్టరుగారికి చూపించాను. దానిదీ నీలాగే భారీ ఒళ్ళు.

"తిండి తగ్గించమంటారా అండి?" అన్నాను.

"మీ ఇంట్లో ఇంకెవరన్నా ఇలా ఉన్నారామ్మా?"

నాన్న, నువ్వు అని చెప్పాను.

"అయితే ఇది వంశంలో వచ్చిన ఒళ్ళు. పిల్లని పస్తు పెట్టబాకమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. అదే ఒళ్ళున్న నాన్నని ఊరంతా నిండైన మనిషి అంది. నిన్ను మాత్రం తిండిపోతు అంది. పెళ్ళి కుదరడం లేదని అమ్మ రెండేళ్ళు నీకు పూటకో గ్లాసు గంజే పోసింది. ఆఖరికి జ్వరమొస్తే తట్టుకోలేకపోయావు.

ఇంటికి రాగానే అత్తయ్య "దానికి సగమే పెట్టవే" అంది.

"ఇంకోసారి ఆ మాటంటే ఊరుకోనండి" అన్నాను.

పిల్ల కడుపునిండా తినేదాకా పక్కనే కూర్చున్నాను. అమ్మ మీద ఎంత కోపమో, అప్పుడు నోరు మూసుకున్న నా మీదా అంతే కోపం.

నీ చెల్లెలు