చుక్క మరక లేని కాగితం

చిరంజీవి పిడుగుకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేను, మీ నాన్న, నీ బండి, ముగ్గురమూ క్షేమం. మూడోదాని గురించి ఈ మాట పోయిన వారం దాకా రాయడానికి వీల్లేకపోయింది. అక్కడ నువ్వూ వేళకు తిని, వేళకు పడుకుంటూ క్షేమంగా ఉన్నావనే అనుకుంటున్నాను. అలా లేకపోతే మాత్రం జవాబు రాయడం ఆపి, ముందు లేచి వెళ్ళి అన్నం తిను.

నీకొక చెడ్డ అలవాటుంది. కథల పుస్తకమైనా ఉత్తరమైనా ముందు ఆఖరి పేజీ తిప్పి చూస్తావు. ఈసారి ఆ పని చేయకు. నీకు చెప్పాల్సిన సంగతి ఒకటి నాలుగేళ్లుగా దాచాను. అది చదివాక నన్ను తిడతావో, ఉత్తరాలే మానేస్తావో నాకు తెలియదు. అందుకని ముందు నా గొప్పలు నన్ను చెప్పుకోనీ. తిట్లు తినబోయే మనిషికి ఆ మాత్రం అవకాశం ఇవ్వాలి.

నీ ప్రశ్నలకు జవాబులు. మీ నాన్న మోకాలి నొప్పి తగ్గింది. తగ్గలేదని ఆయన అంటారు. కానీ మొన్న పెట్రోలు వాసన గుప్పుమనగానే రెండేసి మెట్లు ఒక్క అంగలో దిగడం నా కళ్ళారా చూశాను. నాకు ఈ నెలంతా పగటి డ్యూటీయే, పిల్లల వార్డులో. నీ పాత కుట్టుమిషన్ ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వను కూడా. ఇక నాలుగో ప్రశ్న. "బండి కింద ఆ మరక ఎప్పటినుంచి ఉందమ్మా, నిజం చెప్పు" అని అడిగావు. నిజమే చెబుతున్నాను, రెండు నెలల నుంచి. కారుతున్న పుండుతో రెండు నెలలు ఇంట్లో కూర్చుని ఎవరైనా మా వార్డుకొస్తే నేను ఎలా దులిపేస్తానో నీకు తెలుసు. మన కింది వాటా ఆయన మెట్ల కింద పెట్టిన బండి నుంచి వచ్చే ఆ వాసనకు బెదిరి, మన గుమ్మం దాటేదాకా సిగరెట్టు జేబులోంచి తీయడం మానేశాడు. ఆయన భార్య నాకు దండం పెట్టినంత పని చేసింది. బండి ఇలాగే ఉండనివ్వమని అడుగుతుందేమోనని భయపడ్డాను.

నువ్వు రెండు పేజీల నిండా రాసి పంపావే, పైపులు మార్చే పద్ధతి, అది అందింది. పైన పెద్ద అక్షరాలతో "ఇది మెకానిక్‌కి ఇవ్వు, నువ్వు చెయ్యి పెట్టకు" అని రాశావు. ఆ ఒక్క లైను తప్ప మిగతాదంతా తు.చ. తప్పకుండా పాటించాను. నేనే ఎందుకు చేశానో చివర్లో నీకే తెలుస్తుంది.

నా సెలవు రోజు చూసుకుని పొద్దున్నే బండిని నడిపించుకుంటూ వెనక ఖాళీ స్థలంలోకి తెచ్చాను. ఇంజను చల్లగా ఉంది. పెట్రోలు ట్యాపు కట్టేశాను. కింద పళ్ళెం పెట్టాను. మీ నాన్న పదడుగుల దూరంలో ఇసక బకెట్టు పక్కన పెట్టుకుని, నువ్వు రాసింది గట్టిగా చదవడం మొదలుపెట్టారు. ముప్ఫై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి, ఆయన చదువు ఎలా ఉంటుందో చెప్పాలా? కామా దగ్గర ఒక ఊపిరి, ఫుల్‌స్టాప్ దగ్గర రెండు ఊపిర్లు.

"పైపు మూతికి అంటుకుపోయి ఉంటే," ఆగారు. "లాగవద్దు."

అప్పటికే నేను లాగుతున్నాను.

"లాగవద్దంటోంది నీ కూతురు!"

"వినబడింది లెండి!"

పాత పైపు పుల్లలా బిగుసుకుపోయింది. క్లిప్పు ఉన్న చోట చుట్టూ సన్నటి పగుళ్లు. వేలితో నొక్కితే అక్కడినుంచే చెమ్మ ఊరుతోంది. పొడుగునా చీరి విప్పమన్నావు కదా. కట్టు పుండుకి అంటుకుపోతే పిల్లవాడు ఏడవకుండా ఎలా ఊడదీస్తానో అలాగే తీశాను. కింద మూతికి గీత కూడా పడలేదు. మీ నాన్న చదవడం ఆపి "భేష్" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట వినడం ఇది రెండోసారి. మొదటిది నువ్వు పుట్టినప్పుడు.

ఊడిన ముక్కని నమూనాగా పట్టుకుని పైపు కొనడానికి పెద్ద గ్యారేజీకి నడిచి వెళ్ళాను. అవును, ఆ గ్యారేజీకే. అక్కడ ఏం జరిగిందో కాసేపట్లో చెబుతాను. ప్రస్తుతానికి పైపు, ఫిల్టరు, నాలుగు కొత్త క్లిప్పులు తెచ్చుకున్నానని మాత్రం తెలుసుకో.

కొత్త పైపు కొనలు తిన్నగా కోశాను. ట్యాంకు నుంచి ఫిల్టరుకి ఒకటి, ఫిల్టరు నుంచి కార్బురేటర్‌కి ఒకటి. ఫిల్టరు మీద బాణం గుర్తు కిందికి ఉండాలన్నావు, ఉంది. క్లిప్పులు బిగించాను. ట్యాపు తిప్పి, రెండో కిక్కుకే స్టార్ట్ చేశాను. ఆ మోత వింటుంటే నాకు కళ్ళు నెత్తికెక్కాయంటే నమ్ము. మూడు నిమిషాలు గర్వంగా నిలబడ్డాను. నాలుగో నిమిషంలో అది టపటపమని ఆగిపోయింది. మీ నాన్న ఇసక బకెట్టు రెండు చేతులా ఎత్తుకున్నారు.

"మంట ఎక్కడండీ? ఆగిపోయిందంతే."

"ఏమో, ముందే ఎత్తితే తప్పేముంది?"

నువ్వు రాసిన కాగితంలో ఈ జబ్బుకి మందు లేదు. కానీ కొత్తగా చేరిన ప్రతి నర్సుకీ నేను చెప్పే మాట ఒకటుంది. సెలైన్ దిగడం ఆగిందంటే సీసా వైపు చూడకు, గొట్టం ఎక్కడ మడతపడిందో చూడు. వంగి ట్యాంకు కింద చూశాను కదా, పైపు నేను రెండు వేళ్ల పొడుగు ఎక్కువ కోశాను, అది చట్రానికి తగిలి మడతపడి పీక నొక్కుకుంది. ఆ రెండు వేళ్లూ కోసేసి మళ్ళీ పెట్టాను. ఇక చూడు, ఆగమన్నా ఆగదే! బండి కింద పొడి న్యూస్ పేపరు పరిచి గంట ఆగమన్నావు. మీ నాన్న ఇంకా చదవని పేపరే పరిచాను. గంటసేపు ఇద్దరం మెట్ల మీద కూర్చుని దాన్నే చూశాం. ఒక్క చుక్క పడలేదు. నా చేతుల్ని నేనే ఎంత మురిపెంగా చూసుకున్నానో! నువ్వు నేర్పావు, నేను చేశాను. పిడుగూ, ఆ గంటలో నాకన్నా గొప్పవాళ్ళు ఈ లోకంలో ఎవరూ లేరనిపించింది, నువ్వు తప్ప.

ఇక గొప్పలు అయిపోయాయి.

నాలుగేళ్ల కిందట, పెద్ద గ్యారేజీలో మెకానిక్ ఉద్యోగం కోసం నీ పరీక్షకు ముందు రోజు మధ్యాహ్నం నువ్వు భోంచేసి నడుం వాల్చావు. నేను బండి పక్కనుంచి వస్తూ చూస్తే పైపు చెమ్మగా ఉంది. నిన్ను లేపాల్సింది. లేపలేదు. వేలమందికి గొట్టాలు పెట్టిన చేయి నాది, ఇదెంత అనుకున్నాను. గడువు తీరిందని వార్డులో పక్కన పడేసిన సెలైన్ సెట్టు ఒకటి, మొక్కలకు నీళ్లు పెట్టడానికి పనికొస్తుందని ఇంటికి తెచ్చాను. దాని గొట్టం కోసి నీ బండికి పెట్టేశాను. అద్దంలాంటి గొట్టంలోంచి పెట్రోలు దిగుతుంటే చూసి తెగ ముచ్చటపడ్డాను. పెట్రోలు తగిలితే అది ఉబ్బి, మెత్తబడి, ఊడిపోతుందని నాకేం తెలుసు? నువ్వు పాసై వచ్చాక చెప్పి నీ చేత మెప్పు పొందాలనుకున్నాను.

మర్నాడు నువ్వు బండిని నడిపించుకుంటూ వచ్చావు. బట్టలంతా పెట్రోలు వాసన. పైపు స్థానంలో వేరే ముక్క ఏదో ఉంది. "పైపు ఊడిందమ్మా. చూసుకోకపోవడం నా తప్పు" అన్నావు. నాకు అర్థమైపోయింది. అప్పుడు "నేనే పెట్టానే తల్లీ" అనాల్సిన నోటితో నేనన్నదేమిటో నీకు గుర్తుండే ఉంటుంది. "సొంత బండే చూసుకోలేనిదానివి, ఊళ్ళో బండ్లేం బాగుచేస్తావే?" అన్నాను. నువ్వు చేతులు కడుక్కోవడానికి వెళ్ళావు. నాలుగు వీధుల అవతల ఉద్యోగం చేసి మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావాల్సిన పిల్లవి, రెండు నెలలు తిరక్కుండా ఒక రాత్రీ ఒక పగలూ ప్రయాణం చేసి ఆ ఊరు వెళ్ళిపోయావు.

నేను ఏమని సర్దిచెప్పుకున్నానో తెలుసా? ఆ గొట్టం దారిలోనే పడిపోయి ఉంటుంది, నువ్వు చూసి ఉండవు, అని. అలా నాలుగేళ్లు నడిపించాను. బండి మళ్ళీ కారడం మొదలుపెట్టినప్పుడు, నా చేత్తో చెడిపోయింది నా చేత్తోనే బాగవ్వాలని పట్టుపట్టింది అందుకే.

ఆ పొద్దున గ్యారేజీలో పైపు ఇచ్చింది నీకు పరీక్ష పెట్టిన మేస్త్రే. నేనెవరో ఆయనకు తెలియదు. నా చేతిలోని ముక్క తిప్పి చూసి, "ఇది సరైన పైపేనమ్మా, కాలం తీరిందంతే. ఒకసారి ఒక పిల్ల బండికి సెలైన్ గొట్టం పెట్టుకుని పరీక్షకే వచ్చేసింది తెలుసా!" అని నవ్వాడు. "ఇదే యార్డులో ధారగా కారింది. ఇది గ్యారేజా, ఆస్పత్రా అని అడిగాను. ఎవరు పెట్టారే అంటే, నేనే పెట్టానండీ అంది. బుద్ధున్న మెకానిక్ చేసే పనేనా? ఇంటికి పొమ్మన్నాను."

చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. పైపు తీసుకుని వచ్చేశాను, పిరికిదానిలా. ఆ నాలుగు వీధులూ ఎలా నడిచానో నాకే తెలియదు. ఆ గొట్టాన్ని నువ్వు చూశావు. అది నా పనేనని నీకు తెలుసు. పదిమందిలో నవ్వులపాలై కూడా నా పేరు బయటపెట్టలేదు. ఇంటికొస్తే నేనన్న ఆ మాట కూడా పడ్డావు.

అందుకే, పేపరు మీద చుక్క పడలేదని తేలగానే దాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాను. హెల్మెట్ పెట్టుకుని, నువ్వు నేర్పిన బండి మీద, నేను బాగుచేసిన బండి మీద నేరుగా ఆ యార్డులోకి వెళ్ళాను. బండి నిలబెట్టి, దాని కింద ఆ పేపరే పరిచాను. అందరూ పనులాపి చూస్తున్నారు.

"మేస్త్రిగారూ, పొద్దున మీరు చెప్పిన సెలైన్ గొట్టం పెట్టింది ఆ పిల్ల కాదు. నేను. నర్సుని, ఆ పిల్ల తల్లిని."

ఆయన చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు, తుడుచుకున్నాడు, ఎంతకీ ఆపడే!

"మరి తనే పెట్టానందేంటమ్మా?"

"నన్ను చూసి మీరంతా నవ్వకూడదని."

"ఇప్పుడెక్కడుంది?"

"మీ దానికి రెండింతలున్న గ్యారేజీలో. ఆవిడ కింద ఆరుగురు పనిచేస్తున్నారు." ఆవిడ అనే అన్నాను. కావాలనే అన్నాను.

ఆయన గొంతుక్కూర్చుని లైటు వేసి ప్రతి క్లిప్పూ లాగి చూశాడు. "కొనలు ఇంత తిన్నగా కోసిందెవరు?" అన్నాడు. "నేనే పెట్టానండీ" అన్నాను. అది నువ్వు నాలుగేళ్ల కిందట అదే చోట అన్న మాట. ఈసారి నిజంగా పెట్టిన మనిషి నోటినుంచి వచ్చింది. ఎవరూ నవ్వలేదు.

నన్ను క్షమించు తల్లీ. "పర్వాలేదమ్మా" అని మాత్రం రాయకు. పర్వా ఉంది. ముందు తిట్టి, ఆ తర్వాత రాయదలిస్తే రాయి. నిన్ను కన్నందుకు నాకు ఎప్పుడూ గర్వమే, కానీ ఆ రోజు నువ్వు నా తప్పు నెత్తినేసుకుని నిలబడిన చోట నిలబడితే, ఆ గర్వానికి నాకు అర్హత ఉందా అనిపించింది.

గంటయ్యాక మేస్త్రి పేపరు తీసి, వెలుగుకి పట్టి చూసి, వాసన కూడా చూశాడు. సంతకం లేని ఛార్టుని నేను నమ్మను కదా, పెన్ను ఇచ్చి రాసివ్వమన్నాను. రాశాడు. ఆ కాగితమే దీంతోపాటు మడిచి పంపుతున్నాను. చేతిరాత గజిబిజిగా ఉంది, నీకు అర్థం కాకపోతే ఇక్కడ చదువుకో:

"చుక్క మరక లేదు. పని తల్లిది. నేర్పింది కూతురు. ఇద్దరూ పాస్."

ఇట్లు,
ఆ గొట్టం పెట్టిన చేత్తోనే ఇది రాసిన
మీ అమ్మ