నువ్వు గింజంత తేడా

బూలాక్, కైరో.
గురువారం, సాయంత్రపు అసర్ నమాజు తరవాత.

నా ఇంటి ఇల్లాలు, నవాల్ తల్లి ఇన్సాఫ్‌కు,

వేయి సలాములు. ఇక్కడ నేనూ, నీ కుంటి పిల్లీ, డాబా మీది పావురాలూ అల్లా దయవల్ల క్షేమం. మన్సూరాలో నువ్వూ, నవాలూ, అల్లుడూ, కొత్తగా వచ్చిన మనవడూ క్షేమంగా ఉన్నారని నమ్ముతున్నాను. క్షేమంగా లేనివాళ్ళ సంగతి కొంచెం కిందికి వస్తుంది. నవాల్, నువ్వు చదువుతూ చదువుతూ ముందే చివరి పేజీ తిప్పి చూడకు. చిన్నప్పటినుంచీ అది నీకో జబ్బు.

నీ ఉత్తరం అందింది. రాసింది నవాలే అయినా తిట్లన్నీ అచ్చం నీవే. చదువుతుంటే నువ్వు వంటగదిలోంచి కేకలేస్తున్నట్టే ఉంది. మొట్టమొదటే అడిగావు, "నీ అక్షరాలు ఉత్తరానికీ ఉత్తరానికీ పుచ్చకాయల్లా ఎందుకు పెరిగిపోతున్నాయి? కాగితం దండగ కాదా?" అని. ఇంట్లో అందరికీ చదువొచ్చు, నీకొక్కదానికే రాదు. అది కనిపెట్టింది మాత్రం నువ్వొక్కదానివే. చివర అడిగావు, "మా చెల్లెలు ఫతియ్యా కొడుకు షహాత బాల్కనీలో పిల్లని చూస్తూ సైకిలు మీంచి పడ్డాడట, రొట్టెలన్నీ రోడ్డు పాలట, నిజమేనా? పెద్దవాడివి, పిలిచి నాలుగు బుద్ధులు చెప్పు" అని. ఆ మొదటి ప్రశ్నా, ఈ చివరి ప్రశ్నా రెండూ పక్కన పెట్టుకున్నాను. మధ్యవి సులువుగా ఉన్నాయి. ముందు అవి కానిస్తాను.

పూట పూటా తింటున్నాను. పొద్దున ఫూల్ బీన్సు, మధ్యాహ్నం ఉంటే ఉంటుంది, రాత్రికి మళ్ళీ ఫూల్ బీన్సు. నిమ్మకాయ ఊరగాయ జాడీకి మూత సరిగా పెడుతున్నాను. పావురాల్లో ఆ మచ్చల ఆడది పక్కింటి గూడుకి లేచిపోయింది, ఆ ఇంటాయన మాత్రం అది తన గూట్లోనే పుట్టిందని ఒట్టేస్తున్నాడు. నువ్వు బయటికి కప్పుకెళ్ళే నల్ల మెలాయా సందూకులో భద్రంగా ఉంది, పిల్లి అందులో పిల్లల్ని పెట్టలేదు. గుడ్డల బుట్టలో పెట్టింది.

ఇక అల్లుడు హిల్మీ అడిగిన ప్రశ్న. బడికి వెళ్ళడానికి సైకిలు కొన్నాడట, చైను ఎన్నాళ్ళు వస్తుంది, ఎప్పుడు మార్చాలి అని అడిగాడు. చదువుకున్నవాడు కదా, తారీకుతో సహా చెప్పమంటాడు. బాబూ, చైను ఎన్నాళ్ళు వస్తుందని అడగడం చెప్పులు ఎన్నాళ్ళు వస్తాయని అడిగినట్టే. ఎవడు తొక్కుతాడు, ఎక్కడ తొక్కుతాడు, తుడుస్తాడా లేదా, అదీ సంగతి. మా వీధి చివర దర్జీ ఉన్నాడు. ఇంటినుంచి మసీదుకి, మసీదునుంచి ఇంటికి. ఆ చైను ఆయన మనవడికి ఆస్తిగా వస్తుంది. అదే రొట్టెలు మోసేవాడి చైనుకి రెండు రంజానులు చూసే యోగం ఉండదు. బేకరీలో పిండి గాలిలో తేలుతూ ఉంటుంది, అది నూనెలో పడుతుంది, దాని మీద వీధి దుమ్ము చేరుతుంది. అంతా కలిసి సానరాయి ముద్దలా తయారై లోపల్లోపల ఇనుమును తినేస్తుంది. కాబట్టి ముందు పాతగుడ్డతో తుడవాలి, తరవాత పల్చటి నూనె చుక్క చుక్క వెయ్యాలి, మళ్ళీ పైనంతా తుడిచెయ్యాలి. ఆ మూడో పని ఎవడూ చెయ్యడు. తామియా వడలు వేసే అబ్బాస్ మూకుట్లో మిగిలిన నూనె చైనుకి పోసేవాడు. వారంలో చైను జిగురై ఊరుకుంది గాని, వీధిలో పిల్లులన్నీ అతని సైకిలు వెనక ఊరేగింపుగా నడిచేవి. అతను అది తన మంచితనం చూసి అనుకునేవాడు.

జనం చైను సాగింది అంటారు. ఇనుము రబ్బరు కాదు బాబూ, సాగదు. లింకుల మధ్య పిన్నులూ, అవి తిరిగే చోట్లూ అరుగుతాయి. ఒక్కొక్క చోట కంటికి కనపడనంత వదులు. అన్ని వదుళ్ళూ కలిస్తే చైను పొడుగవుతుంది. పన్నెండంగుళాల ఇనప స్కేలు తీసుకో. చైను లాగిపట్టి, ఒక పిన్ను నడిమధ్యను స్కేలు మొదట్లో పెట్టు. పన్నెండో అంగుళం గీత మీద ఇంకో పిన్ను నడిమధ్యకి పడితే చైను కొత్తది. ఆ పిన్ను గీత దాటి నువ్వు గింజ వెడల్పంత ముందుకి పోయిందా, ఆ రోజే మార్చు. చైను ఒక్కటే పోతుంది. రెండు నువ్వు గింజలంత పోయిందా, అప్పటికే అది ఫ్రీవీలు పళ్ళని కొరికి కొక్కేల్లా చేసేసి ఉంటుంది. అలాంటి పళ్ళ మీద కొత్త చైను వేసినా కూచోదు, గట్టిగా తొక్కినప్పుడల్లా ఎగురుతుంది. రెండూ మార్చాలి. ఇంకోటి, ఇది ముఖ్యం. చైను వదులైతే చాలామంది మెకానిక్కులు ఒక లింకు తీసేసి బిగించి పంపేస్తారు. చూడటానికి బిగుతుగా ఉంటుంది. లోపల అరుగుదల అలాగే ఉంటుంది. అలా చేసేవాడి దగ్గరికి వెళ్ళకు, వాడు మోసగాడు.

ఈ చివరి మాట రాసి కలం కింద పెట్టి టీ పెట్టుకుని వచ్చాను. టీ చల్లారిపోయింది, ఇంకా తాగలేదు. అల్లుడు గదిలో ఉంటే ఏదో పని చెప్పి బయటికి పంపు నవాల్. మీ అమ్మకి ఇక్కణ్ణించి నెమ్మదిగా చదువు.

ఇన్సాఫ్, ఆ మోసగాణ్ణి నేనే.

పోయిన నెల షహాత సైకిలు నడిపించుకుంటూ నా రిపేరు దుకాణానికి వచ్చాడు. "పెదనాన్నా, వంతెన ఎక్కేటప్పుడు కటక్ మంటోంది. తల మీద తడికెడు రొట్టెలు, ఒక చేత్తోనే హేండిలు. భయమేస్తోంది" అన్నాడు. స్కేలు తీసి చైనుకి పెట్టాను. గీతలు కనపడలేదు. వెలుతురుకి తిప్పాను. చీమలబారు నడిచినట్టుంది. ఎదురుగా టీ బడ్డీవాడు జాబిర్ కూర్చుని ఇదంతా చూస్తున్నాడు.

"ఏం ఉస్తా, మేస్త్రీ గారూ, కనపడుతోందా? దీపం తెమ్మంటావా?" అన్నాడు.

"నువ్వు పుట్టకముందునుంచీ చూస్తున్నాన్రా చైన్లు. నీ టీలో పంచదార ఎంత తక్కువేస్తావో ఇక్కణ్ణించే కనపడుతోంది" అన్నాను. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు తలకెక్కింది. గీత చదవకుండానే, "ఏం ఫరవాలేదు, వచ్చే బక్రీదు దాకా ఢోకా లేదు" అనేశాను. వదులుగా ఉన్న మాట వేళ్ళకి తెలుస్తూనే ఉంది. ఒక లింకు తీసి బిగించి పంపేశాను. వాడు నా చెయ్యి ముద్దు పెట్టుకుని వెళ్ళాడు.

పోయిన శనివారం పొద్దున వంతెన ఎక్కుతూ, నిలబడి తొక్కుతుంటే చైను పళ్ళ మీంచి ఎగిరింది. పెడలు కిందికి జారిపోయింది, వాడు ముందుకి పడ్డాడు. తడిక పగిలి, వేడివేడి రొట్టెలు ట్రాము పట్టాల దాకా దొర్లాయి. నేను పరిగెత్తి వెళ్ళేసరికి జనం ఒక్కొక్క రొట్టే తీసి, ముద్దు పెట్టుకుని, నుదుటికి ఆనించి, వంతెన గోడ మీద పేరుస్తున్నారు. తొక్కేస్తే పాపమని బండ్లు ఆగిపోయాయి. షహాత కుడి మణికట్టు వంకర తిరిగి వేలాడుతోంది. వాడు కూడా ఎడం చేత్తో రొట్టెలు ఏరుతున్నాడు. ముద్దు పెట్టుకుంటున్నాడు, ఏడుస్తున్నాడు.

బేకరీ యజమాని హాజీ దుసూకీ రొప్పుతూ వచ్చాడు. "ఎటు చూస్తూ తొక్కావురా? బాల్కనీల వంకా? తల మీద అందరి అన్నం పెట్టుకుని పైకి చూస్తావా?" అని అరిచాడు. ఎవరో నవ్వారు. బాల్కనీ కథ అక్కడ పుట్టింది, అంతకు మించి అందులో ఏమీ లేదు. షహాత, "లేదు హాజీ, సైకిలే..." అన్నాడు. హాజీ నా వైపు తిరిగాడు. "ఉస్తా, నువ్వున్నావుగా, నీ మాట మీద మాట లేదు. చూసి చెప్పు. తప్పు సైకిలుదా, వీడిదా?"

వంగి పెడలు తిప్పాను. పెడలు దగ్గరి పళ్ళచక్రం మీద చైనును వేలితో ముందుకి లాగాను. కొత్త చైనైతే పళ్ళని అంటుకుని ఉండాలి, ఇది సగం పన్ను బయటపడేలా లేచింది. కళ్ళకి తెలియనిది వేళ్ళకి తెలిసిపోయింది. అంతమంది నా నోటివంక చూస్తున్నారు.

"సైకిలుకేం, బాగానే ఉంది" అన్నాను.

షహాత నా వంక చూశాడు. వంగి మళ్ళీ రొట్టెలు ఏరుకున్నాడు. హాజీ అక్కడికక్కడే వాడి తడికని ఇంకొకడికి ఇస్తానన్నాడు. రొట్టెలు పడేసినవాడని ఒకసారి పేరొస్తే కైరోలో ఏ బేకరీ వాడూ తడిక తల మీదికి ఎత్తడు. ఆ సంగతి నీకు తెలుసు, నాకూ తెలుసు. తెలిసే అన్నాను.

సైకిలు దుకాణానికి తెచ్చి తలుపు దగ్గరికి వేసుకున్నాను. నువ్వు కొనిచ్చిన కళ్ళజోడు ట్రాములో పోయిందని చెప్పాను కదా. పోలేదు. బోల్టుల డబ్బాలో అడుగున ఉంది. ముసలివాడు కళ్ళజోడు పెట్టుకుని నట్లు వెతుకుతుంటే జాబిర్ ఏమంటాడోనని దాచాను. తీసి పెట్టుకుని స్కేలు పెట్టాను. గీతలు బారులు తీరి కనపడ్డాయి. రెండు నువ్వు గింజల కంటే ఎక్కువే దాటిపోయింది.

అయినా నాలుగు రోజులు నోరు మెదపలేదు. మంగళవారం షహాత చేతికి పట్టీతో, నాకు ఫూల్ బీన్సు గిన్నె పట్టుకుని వచ్చాడు. "అమ్మ పంపింది పెదనాన్నా. పెద్దమ్మ లేదు కదా" అన్నాడు. కూచోమన్నాను. కూచోలేదు. తల వంచుకుని మెల్లగా అన్నాడు: "ఆ బాల్కనీ మాట నేను ఒప్పేసుకున్నాన్లే. ఉస్తా రిజ్క్ బాగుచేసిన చైను ఎగిరిపడిందంటే, ఈ వయసులో నీ దుకాణానికి ఎవరొస్తారు?"

వాడికి మొదటినుంచీ తెలుసు ఇన్సాఫ్. గిన్నె మూత తియ్యలేకపోయాను.

నిన్న పొద్దున, బేకరీ ముందు జనం బారులు కట్టి ఉన్న వేళ, ఆ పాత చైనూ, ఒక కొత్త చైనూ భుజాన వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళాను. "అరె, ఉస్తాకి కళ్ళు మొలిచాయి!" అని వరసలోంచి ఒకావిడ అంది. హాజీ బల్ల మీద రెండు చైన్లూ పక్కపక్కన పరిచి, ఇటు యాభై లింకులు, అటు యాభై లింకులు లెక్కపెట్టి చూపించాను. లెక్క ఒకటే, పొడుగు వేరు.

"ఇదా షహాత చైను? మరి ఆవేళ బాగుందన్నావు?"

"అబద్ధం చెప్పాను హాజీ. దీన్ని చూడకుండా బాగుందన్నాను, చూశాక కూడా బాగుందన్నాను. వాడు ఏ బాల్కనీ వంకా చూడలేదు."

హాజీ గడ్డం నిమురుకున్నాడు. "సరే ఉస్తా. వాడి చెయ్యి అతుక్కునేదాకా నా రొట్టెలు ఎవడు మోస్తాడు? దుకాణాలు ఆగుతాయా?" అన్నాడు.

"నేను మోస్తాను. సైకిలెక్కి తల మీద పెట్టుకునే వయసు కాదు. తోపుడు బండి మీద తోస్తాను. కూలీ వాడిది. వాడి తడిక మాత్రం ఇంకొకడికి ఇవ్వకు" అన్నాను.

హాజీ ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, బేకరీ సైకిళ్ళు ఇకమీదట నా దగ్గరికి పంపనని కూడా అన్నాడు. సబబే అన్నాను. మంచి పని చేసి వచ్చానని అనుకోబోతున్నాను, అప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి ఒక మనిషి ముందుకి వచ్చింది. ఫతియ్యా. ఎంతసేపటినుంచి అక్కడుందో. నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"బావా," అంది, "నేను వాణ్ణి కొట్టాను. విరిగిన చెయ్యి పట్టుకుని ఇంటికొస్తే, బాల్కనీలు చూస్తావా అని చెంప మీద కొట్టాను. అయినా వాడు నీ పేరు చెప్పలేదు."

రొట్టెలు తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

నాలుగు బుద్ధులు చెప్పమన్నావు. వాడికి చెప్పడానికి నా దగ్గర ఒక్కటీ లేదు. ఈ పొద్దున బండి తోస్తుంటే వీధి వీధంతా నవ్వింది. "ఉస్తా, చైను చూసుకున్నావా?" అని జాబిర్ కేకేశాడు. బండికి చైను లేదురా అందామనుకుని, బండి తోసుకుంటూ పోయాను. చివరి రొట్టెలు ఫతియ్యా ఇంటికి తీసుకెళ్ళాను. తలుపు తియ్యలేదు. గడప మీద పెడితే పాపమని, తలుపు గొళ్ళేనికి సంచీ తగిలించి వచ్చాను. మధ్యాహ్నం ఆ వీధిన పోతూ చూస్తే సంచీ లేదు. ఆమె తీసుకుందో, ఇంకెవరైనా తీసుకున్నారో తెలియదు. రేపు మళ్ళీ తగిలిస్తాను. నువ్వు ఆమెకి ఉత్తరం రాయిస్తే నా తరఫున ఏమీ రాయించకు. అది నేనే చెప్పుకోవాలి, ఆమె తలుపు తీసిన రోజున.

నీ మొదటి ప్రశ్నకి జవాబు మిగిలిపోయింది. నవాల్, ఈ కాగితాన్ని ఒకసారి మీ అమ్మ చేతికివ్వు. చదవక్కర్లేదు, చూస్తే చాలు. ఇన్సాఫ్, అక్షరాలు ఎంత చిన్నవయ్యాయో చూశావా?

ఇట్లు,
నీ కళ్ళజోడు పెట్టుకుని, తల ఎత్తలేక ఇది రాసిన నీ భర్త,
నవాల్ తండ్రి రిజ్క్.